జీపు కాలి కొలత

చెప్పులు కొనేటప్పుడు మనిషి చూపే వివేకం టైర్లు కొనేటప్పుడు చూపడు. ఎంత ఆడంబరం గలవాడైనా సరే, తన కాలు ఏడో నంబరైతే చెప్పుల కొట్లో కూర్చుని పదో నంబరు అడగడు. పాదం పెద్దదిగా కనిపిస్తే నలుగురూ గౌరవిస్తారని ఎవరూ అనుకోరు. కానీ ఆ మహానుభావుడే టైర్ల కొట్టుకు పోతే, “ఇంతకన్నా పెద్దవి లేవా?” అంటాడు. అందునా ఆ బండి పాత జీపైతే ఇక చెప్పనే అక్కర్లేదు. పాత జీపుకు పెద్ద టైర్లు వేయడం, ముసలాయనకు మీసాలు దువ్వి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టడం లాంటిది. చూసేవాళ్ళకు వేడుకే. అవస్థ పడేది ఆయన.

కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి టైర్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. గొడవ నా అంతట నేను తెచ్చుకున్నది కాదు. పెళ్ళితోపాటు సంక్రమించింది.

మా మావగారిది జంగారెడ్డిగూడెం అవతల ఒక మెట్ట పల్లె. 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి అది ఏలూరు జిల్లా. మా అత్తగారి నోట మాత్రం నేటికీ పశ్చిమ గోదావరే. ఊరికీ తారురోడ్డుకూ మధ్య రెండు మైళ్ళ ఎర్రమట్టి డొంక. ఆ డొంకకు అడ్డంగా ఒక వాగు. వాగు మీద చప్టా ఉన్నది గాని, నాలుగు గట్టి వానలు పడితే అది నీళ్ళకిందనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో మావగారు 1974లో ఒక జీపు కొన్నారు. అప్పటికే అది ఏడేళ్ళ పాతది. 1967 మోడల్ సీజే-3బీ. ముందు బానెట్టు కాస్త ఎత్తుగా, గుర్రం మెడ ఎత్తి చూసినట్టు ఉంటుంది. 1953లో అమెరికాలో విల్లీస్ కంపెనీ తెచ్చిన ఈ నమూనానే మన దేశంలో మహీంద్రావారు ఎన్నో ఏళ్ళపాటు తయారుచేశారు.

ఆ జీపు మావగారి సొత్తే అయినా ఊరంతటికీ అక్కరకు వచ్చేది. అర్ధరాత్రి ఎవరి ఇంట్లో నొప్పులు మొదలైనా తలుపు తట్టేది మావగారిదే. ఆ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో కొందరు తల్లి కడుపులో ఉండగానే ఆ జీపెక్కి వాగు దాటినవాళ్ళు. మా ఆవిడా వాళ్ళలో ఒకతి. 2021లో మావగారు పోయారు. జీపు మిగిలింది. పామాయిల్ తోటా, జీపూ, తల్లీ — మూడింటి బాధ్యతా మా బావమరిది మీద పడింది.

అతను మంచివాడు. తోట బాగా చూసుకుంటాడు. రెండు మంగళవారాలకు ఒకసారి తల్లిని ఆ జీపులోనే ఎక్కించుకుని టౌనులో డాక్టరుకు చూపించి తెస్తాడు. ఆమెకు డెబ్భయి నాలుగేళ్ళు. రక్తపోటు, వాటికి తోడు మోకాళ్ళు. అన్నీ సద్గుణాలే గాని, అతనికి రాత్రిపూట సెల్‌ఫోనులో జీపులు రాళ్ళ గుట్టలెక్కే బొమ్మలు చూసే అలవాటొకటి ఉన్నది.

2024 వేసవి సెలవులకు మేము వెళ్ళేసరికి ఇంట్లో టైర్ల చర్చ ముదిరి ఉంది. పాత టైర్లలో గాడులు ఇంకా బాగానే కనిపిస్తున్నవి. కానీ పక్కగోడలు ఎండిన చెరువులా నెర్రెలిచ్చినవి. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2310 అని ఉంటే 2010వ సంవత్సరం ఇరవై మూడో వారంలో పుట్టిందని అర్థం. మా టైర్ల జాతకం అదే. కారు, జీపు వంటి బండ్ల టైరులో గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధన. అది తప్పకపోయినా, రబ్బరుకూ వార్ధక్యం ఉంది. గాడి మిగిలినంత మాత్రాన టైరు మిగిలినట్టు కాదు.

కొత్తవి వేయాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఏ కొలతవి అన్నదే తగువు.

“బావగారూ, ఇది చూడండి,” అని బావమరిది ఫోను నా ముందు పెట్టాడు. అందులో ఒక జీపు, నాలుగు ఏనుగు పాదాల మీద నిలబడ్డట్టుంది. “31×10.50 ఆర్ 15. ఇవి వేస్తే మన జీపు ముందు ఇంకే బండీ నిలవదు.”

“అంటే ఏమిటి నాయనా?” అని అడిగాను. వ్యాకరణం తెలియని సూత్రాన్ని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఆ సెలవుల్లో నేను టైరు మీది రాతకు ఒక చిన్న వ్యాఖ్యానం తయారుచేసుకున్నాను. పాత జీపు ఉన్నవారికి పనికివస్తుందని ఇక్కడ చెబుతాను.

మా జీపుకు పుట్టుకతో వచ్చిన కొలత 6.00-16. యుద్ధకాలంలో సైన్యానికి చేసిన విల్లీస్ జీపుకూ అదే. ఇందులో 6.00 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. 16 అంటే టైరు కూర్చునే ఇనుప చక్రం, అనగా రిమ్ము, దాని అడ్డుకొలత. నడుమనున్న చిన్న గీత వట్టి గీత కాదు. లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి కోసుకుంటూ పోయే పాతకాలపు అల్లిక అని దాని భావం. ఆ గీత స్థానంలో ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్. ఆ పక్కన 6 పి.ఆర్. అనో 8 పి.ఆర్. అనో కనిపిస్తే అది మోసే బలానికి గుర్తు. లోపల అన్ని పొరలే ఉంటాయని కాదు.

ఈ పాత తరహా టైర్లకు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. కనుక లెక్క నోటితోనే కట్టవచ్చు. రిమ్ము 16, పైన 6, కింద 6, వెరసి 28 అంగుళాలు. 7.00-16 అయితే 16, 7, 7 కలిపి 30. కంపెనీని బట్టి ఒక అంగుళం అటూఇటూ అవుతుంది, కొనేముందు టేపు పెట్టి చూసుకోవడం మేలు. కొత్త పద్ధతి రాతకు లెక్క వేరు. 235/75 ఆర్ 15 అంటే వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 75 వంతులు, రిమ్ము 15 అంగుళాలు. లెక్క తేలిస్తే మొత్తం ఎత్తు 28.9 అంగుళాలు. వెనకటి ఎవరో పదిహేనంగుళాల వెడల్పు రిమ్ములు వేసి అమ్మిన పాత జీపు మీ చేతికి వచ్చివుంటే, అసలు ఎత్తుకు దగ్గరగా ఉండేది ఇదే. ఇక మా వాడు చూపించిన 31×10.50 ఆర్ 15 లో మొదటి అంకె నేరుగా ఎత్తే. 31 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు.

“ఇరవై ఎనిమిదికీ ముప్పై ఒకటికీ మూడంగుళాలేగా తేడా!” అన్నాడు బావమరిది.

కందపద్యం నాలుగు మాత్రల గణాలతో నడుస్తుంది. ఒక్క గణంలో ఐదో మాత్ర పెట్టి, “ఒక్కటేగా!” అంటే ఎలా ఉంటుంది? నడక చెడుతుంది. చక్రం సంగతీ అంతే. అయితే ఈ ఉపమానానికి మా బావమరిది లొంగలేదు. అందుకని టౌనులో జీపుల మేస్త్రీ ఒకాయన దగ్గరకు తీసుకుపోయాను. మావగారి కాలం నుంచీ ఈ బండి నాడి ఎరిగినవాడు. ఇప్పుడు పని మానేశాడు గాని, మాట మానలేదు.

ఆయన మా మాట విని, సుద్దముక్క తెప్పించి, టైరు నేలను తాకేచోట ఒక గీత గీశాడు. సిమెంటు నేల మీద బండిని సరిగ్గా ఒక చుట్టు నెట్టించి రెండో గీత గీశాడు. “కొలవండి మాస్టారూ,” అన్నాడు. కొలిచాను. బరువు మీద టైరు కాస్త అణుగుతుంది గనుక కొంచెం తగ్గింది గాని, లెక్క ప్రకారం 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 88 అంగుళాలు పోవాలి. అంటే మైలుకు 720 చుట్లు. 30 అంగుళాల చక్రానికి మైలుకు 672 చాలు.

“ఆ నలభై ఎనిమిది చుట్లూ ఎవరి జేబులోంచి పోతాయో తెలుసా? ఇంజను జేబులోంచి,” అన్నాడు మేస్త్రీ.

ఆయన చెప్పిన దాని సారం ఇది. చక్రం ఎత్తయితే చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, నిజమే. కానీ ఇంజను తిప్పే బలం అంతే ఉంటుంది గనుక నేల మీద పడే లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. మూడే గేర్లున్న బండి. మూడో గేరులో ఎక్కిన గట్టు రెండో గేరు అడుగుతుంది. బ్రేకుకూ అదే గతి. డ్రమ్ము పాతదే, పట్టు పాతదే, ఆపవలసిన చక్రం మాత్రం పెద్దది. స్పీడు ముల్లు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది గాని దాని ఎత్తు ఎరగదు. 30 అంగుళాల చక్రం వేస్తే, ముల్లు 40 చూపినప్పుడు నిజమైన వేగం 43కు చేరువ. 31 వేస్తే 44 పైన. వాగు దిగుడులో బ్రేకు తగ్గి, వేగం ముల్లు కూడా తక్కువ చూపిందంటే, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

వెడల్పు సంగతి వేరే చెప్పాలి. మా జీపు రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. పదిన్నర అంగుళాల టైరు దాని మీద కూర్చోదు. వెడల్పు రిమ్ము వేస్తే చక్రం బయటికి జరుగుతుంది. అప్పుడు బరువంతా చక్రం బేరింగు మీదా, స్టీరింగు కీళ్ళ మీదా పడుతుంది. పూర్తిగా తిప్పితే టైరు లోపలి అంచు స్ప్రింగు పట్టాలను రాసుకుంటుంది. రాసుకోకుండా అడ్డు బిగిస్తే బండి మలుపు తిరిగే జాగా పెరుగుతుంది. మా ఆవిడ అంతవరకూ ఊరుకుని, “ఒరేయ్ తమ్ముడూ, ఇప్పటికే ఆ స్టీరింగు తిప్పితే భుజాలు పడిపోతున్నాయి. నువ్వు ఊళ్ళో లేని రోజున అమ్మను నేనే తీసుకెళ్ళాలి కదా. ఆ ఏనుగు పాదాలు నేను తిప్పగలనా?” అన్నది.

“అయితే బురదలో ఎట్లా అక్కా? వెడల్పు టైరైతే పట్టు ఉంటుంది,” అన్నాడు మా వాడు.

అదీ నిజమే గాని, ఏ బురద అన్నది ప్రశ్న. లోతుగా అంతా ఇసుకే అయితే వెడల్పు టైరు మునగకుండా తేలుతుంది. మా డొంక అలాంటిది కాదు. పైన జానెడు బురద, కింద గట్టి గరుపనేల. అక్కడ సన్నటి టైరు పైబురదను కత్తిలా కోసుకుని దిగి గట్టినేలను పట్టుకుంటుంది. వెడల్పుది పైనే తేలి జారుతుంది. వాగులో నాలుగు గజాల ఇసుకకు గాలి కాస్త తగ్గించుకుంటే చాలు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి లోపలి ట్యూబు వాల్వు తెగుతుంది. ఇసుక దాటగానే మళ్ళీ గాలి నింపుకోవాలి.

మేస్త్రీ ఇంకో మాట గట్టిగా చెప్పాడు. పోనీ డబ్బు తక్కువని ముందు రెండు ఒక కొలతా, వెనక రెండు ఇంకో కొలతా వేస్తే? వద్దన్నాడు. ఈ జీపులో నాలుగు చక్రాల గేరు వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి ముడిపడి సమానంగా తిరుగుతాయి. ముందువి 28, వెనకవి 30 అయితే మైలుకు ఆ నలభై ఎనిమిది చుట్ల పేచీ వస్తుంది. బురదలో అయితే చక్రం కాస్త జారి పేచీ తీరుతుంది. గట్టి రోడ్డు మీద తీరే దారి లేక పళ్ళ చక్రాలూ కడ్డీలూ మెలి తిరుగుతాయి. అందుకని నాలుగూ ఒకే కొలతవి, ఒకే రకంవి కావాలి. రేడియలూ పాత అల్లికా కలపరాదు. స్టెప్నీ కూడా అదే కొలతది ఉండాలి గనుక కొనవలసినవి నాలుగు కాదు, అయిదు.

ఇంతా విని టైర్ల కొట్టుకు వెళితే అక్కడ ఇంకొక చిక్కు. మేము 6.00-16 అనగానే కొట్టు యజమాని నవ్వుతూ చక్కని కొత్త టైరు దొర్లించుకొచ్చాడు. ధర కూడా నయం. దాని మీద నిలువునా మూడు గట్లు ఉన్నవి. మేస్త్రీ చూసి, “ఇది ట్రాక్టరు ముందు టైరండీ,” అన్నాడు. “అంకె అదేగా!” అన్నాడు యజమాని. అంకె అదే. కాని ట్రాక్టరు ముందు చక్రానికి బండిని లాగే పని లేదు, దారి చూపడమే. అందుకే ఆ గట్లు. పైగా పక్కగోడ మీద ఏ6 అనో ఏ8 అనో అక్షరం ఉంటుంది. మొదటిది గంటకు 30 కిలోమీటర్లకూ, రెండోది 40కీ మించి పోరాదని హెచ్చరిక. ఒకే ఇంటిపేరున్న వాళ్ళంతా అన్నదమ్ములు కారు గదా!

తిరిగివచ్చాక కూడా బావమరిది మనసు ఫోనులోనే ఉన్నది. అప్పటిదాకా వసారాలో వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు, “ఎంత ఎత్తు పెరుగుతుంది నాయనా?” అని నన్నడిగారు.

“మూడంగుళాల్లో సగం అండీ. అంగుళంన్నర.”

ఆమె కర్ర పట్టుకుని లేచి జీపు దగ్గరకు నడిచారు. జీపు ఎక్కడానికి ఆమెకు ఇంట్లో ఒక పీట ఉంది. మావగారు పోయే ముందు చేయించినది. పీట మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, రెండోకాలు ఈడ్చుకుని ఎక్కుతారు. ఎక్కి కూర్చుని కొడుకుతో అన్నారు:

“ఇంటి దగ్గర పీట ఉంది. అంగుళంన్నర పెరిగితే ఇంకో పీట చేయించుతావు. ఆస్పత్రి ముందర పీట ఎవరు వేస్తార్రా?”

మా బావమరిది మాట్లాడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు తల్లి నడుము పట్టుకుని పైకెత్తేది అతనే. అతను లేనినాడు ఎవరెత్తుతారన్నది ఆ ఫోనులో లేదు.

చట్టం కూడా ఆమె పక్షమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా పడేటట్లు బండిని మార్చకూడదు. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవలసిందే. తనిఖీకి పోయినప్పుడు ఏనుగు పాదాల కథ ఇన్‌స్పెక్టరుకు చెప్పుకోవడం అంత సులువు కాదు. అయితే మా ఇంట్లో తీర్పు సెక్షనుతో రాలేదు, పీటతో వచ్చింది.

అయిదు టైర్లు, 6.00-16, జీపు గాడివే, కొత్త ట్యూబులతో సహా వేరే ఊరి నుంచి తెప్పించాం. తయారైన వారం చూసి మరీ తీసుకున్నాం. బిగించేటప్పుడు పక్కనే మేస్త్రీ ఉండడం మంచిదైంది. మా జీపుకు ఎడమ పక్క చక్రాల నట్లు ఎదురు మరవి. అలవాటుకొద్దీ మామూలు వైపు తిప్పబోయిన కుర్రవాణ్ణి ఆయన ఆపకపోతే బోల్టు విరిగేది.

ఆ వర్షాకాలం చప్టా మీద నీళ్ళు తీసిన మర్నాడే మంగళవారం వచ్చింది. డొంకంతా బురద. మా ఆవిడకు అందిన కబురు ఒక్కటే: “అమ్మకు బీపీ చూపించి తెచ్చాను. బండి జారలేదు.” కొత్త టైర్ల గురించి మా బావమరిది ఇచ్చిన యోగ్యతాపత్రం అంతే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇంకో విశేషం చూశాను. పొరుగూరి కుర్రవాళ్ళిద్దరు ఎక్కడో పాత జీపు కొని, ఫోను పట్టుకుని సలహాకు వచ్చారు. పెద్ద టైర్ల బొమ్మ చూపించి, “ఇవి పడతాయా అన్నా?” అని అడిగారు. మా బావమరిది ఆ బొమ్మను చాలాసేపు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు. తరువాత ఫోను తిరిగి ఇచ్చేసి, “టైరు సంగతి తరవాత. ముందు మీ ఇంట్లో ఎక్కేవాళ్ళెవరో చెప్పండి,” అన్నాడు.